దోహాలో గెలిచిన అమ్మాయిని మనమేం చేశాం?

2019 ఈస్టర్ ఆదివారం మేము మరిచిపోలేని రోజు. ఆరాధన ముగించుకుని బయటికి వచ్చేసరికి శ్రీలంక చర్చిల్లో బాంబులు పేలిన వార్త ఫోన్లలో నిండిపోయింది. పండుగ భోజనం ఎవరికీ సయించలేదు. మరునాడు, ఏప్రిల్ 22న, దోహా నుంచి ఇంకో వార్త వచ్చింది. తిరుచిరాపల్లి దగ్గర ముడికండం అనే పల్లెకు చెందిన గోమతి మారిముత్తు ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 800 మీటర్ల పరుగు గెలిచింది. 2 నిమిషాల 2.70 సెకన్లు. ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి బంగారు పతకం. అప్పటికామెకు ముప్పై ఏళ్లు. ఆ వయసుకు చాలామంది పరుగు మానేసి ఉద్యోగం చూసుకుంటారు.

మేముండేది తమిళనాడు ధర్మపురిలో. గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి ఉన్న ధర్మపురి వేరు, మాది వేరు. ఇక్కడ మనవాళ్లకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. పని వెదుక్కుంటూ బెంగళూరుకో తిరుప్పూరుకో పోవడం మామూలు. గోమతి కూడా బెంగళూరులో ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగి అని తెలిసేసరికి మా యవనస్థులకు ఆమె పక్కింటి అక్క అయిపోయింది. ఆ వారం యువజన కూడికలో ఆమె పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించాం. చప్పట్లు కొట్టించింది మేమే.

ఆ తర్వాతి రెండు వారాలు రాష్ట్రమంతా ఆమె పేరే. తండ్రి మారిముత్తు వ్యవసాయ కూలీ, అప్పటికి చనిపోయి మూడేళ్లు. కూతురికి తిండి మిగలాలని ఆయన పశువుల దాణా తిన్న రోజులున్నాయని ఆమే విలేకరులకు చెప్పింది. ఒక కాలికి ఒక రంగు, ఇంకో కాలికి ఇంకో రంగు బూట్లతో పరుగెత్తిన ఫోటో ఊరూరా తిరిగింది. పాపం, బూట్లు కొనుక్కోలేని పేదరికం అని అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. అవి తన అదృష్టం బూట్లని ఆమె తర్వాత చెప్పినా ఎవరూ పెద్దగా వినలేదు. మనకు కావలసింది కన్నీళ్లే కదా. డీఎంకే 10 లక్షలిచ్చింది, అన్నాడీఎంకే 15 లక్షలిచ్చింది, సినీ నటుడు విజయ్ సేతుపతి 5 లక్షలిచ్చాడు. అవి ఎన్నికల రోజులని గుర్తుంచుకోవాలి. లోక్‌సభతో పాటు మా జిల్లాలో హరూరు, పాప్పిరెడ్డిపట్టి ఉప ఎన్నికల పోలింగ్ ఏప్రిల్ 18న అయిపోయింది. ఇంకో నాలుగు అసెంబ్లీ స్థానాలకు మే 19న జరగాల్సి ఉంది. పేదింటి ఆడపిల్ల మెడలో బంగారు పతకం పక్కన నిలబడి ఫోటో దిగడానికి అంతకన్నా మంచి సమయం ఏ నాయకుడికీ దొరకదు.

మే నెల ముగియకముందే ఆమె డోప్ పరీక్షలో పట్టుబడిందన్న వార్త వచ్చింది. దొరికింది నాండ్రొలోన్. కండరాలు క్షీణించిన రోగులకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్ అది. రెండో నమూనాలోనూ అదే తేలింది. 2020 జూన్‌లో నాలుగేళ్ల నిషేధం ప్రకటించారు, పతకం వెనక్కి తీసుకున్నారు. తాను తెలిసి ఏదీ వాడలేదని ఆమె చెప్పింది. నిర్ణయం మారలేదు.

అప్పుడు మా యువజన గుంపులో వచ్చిన మెసేజీలు ఈరోజుకీ మాకు సిగ్గు తెప్పిస్తాయి. పశువుల దాణా గురించి జోకులు. బూట్ల ఫోటో మీద సూది బొమ్మ. ‘పది లక్షలు వెనక్కి ఇస్తుందా?’ అని ఒకడు, ‘ఆడదేనా అసలు?’ అని ఇంకొకడు. ఏడాది కిందట కూడికలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లే. గుంపు నడిపేవాళ్లం మేమే అయినా రెండు రోజులు ఏమీ అనలేదు. ఏమనాలో తోచలేదన్నది నిజం. మోసాన్ని సమర్థించినట్టవుతుందేమోనన్న భయం కూడా ఉంది.

మేము ఇక్కడ గోమతి నిర్దోషి అని వాదించడం లేదు. ఆ సంవత్సరం మార్చి నుంచి మే దాకా తీసుకున్న నాలుగు నమూనాల్లో ఆ మందు దొరికింది. ఒంట్లో ఏది ఉన్నా దానికి బాధ్యత క్రీడాకారిణిదే అని నియమం చెబుతోంది. ఆ నియమం కఠినమైనదే గాని, అది లేకపోతే ప్రతివాడూ ‘నాకు తెలియదు’ అని తప్పించుకుంటాడు. ఇంకో మనిషి కూడా ఉంది ఈ కథలో. దోహాలో రెండో స్థానంలో వచ్చిన చైనా అమ్మాయి వాంగ్ చున్‌యు. తేడా పావు సెకను. పోడియం మీద రెండో మెట్టు మీద నిలబడి, వేరే దేశపు జాతీయ గీతం విని ఇంటికి పోయింది. బంగారం ఆమెదే అని తర్వాత తేలింది. కానీ ఆ సాయంత్రాన్ని, స్టేడియంలో తన జెండా పైకి లేచే ఆ క్షణాన్ని ఎవరు తిరిగి ఇస్తారు? దొంగ తూనికరాళ్లను దేవుడు అసహ్యించుకుంటాడని ధర్మశాస్త్రంలోనూ సామెతల్లోనూ ప్రవక్తల్లోనూ చదువుతాం. అంగట్లో తూకం తగ్గితే నష్టపోయేది కొనేవాడు. మైదానంలో నష్టపోయేది పక్క లైనులో పరుగెత్తే ఇంకో కూలివాడి కూతురు. స్టెరాయిడ్‌ను ‘చిన్న తప్పు’ అని కొట్టిపారేసేవాళ్లు వాంగ్ చున్‌యు పేరు ఒకసారి పలికి చూడాలి.

అయితే మా ప్రశ్న తప్పు గురించి కాదు, చూసేవాళ్ల గురించి.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే అనుకోకూడదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు బేస్‌బాల్ గురించి చెబుతుంటారు. అక్కడ 1998లో మార్క్ మెక్‌గ్వైర్, సామీ సోసా పోటీపడి హోమ్‌రన్‌లు కొట్టారు. ఒకడివి 70, ఇంకొకడివి 66. అంతకుముందు ఆటగాళ్ల సమ్మెతో అలిగి దూరమైన జనం మళ్లీ స్టేడియాలకు వచ్చారు. ఆ మధ్యలోనే మెక్‌గ్వైర్ అలమరాలో ఆండ్రోస్టెన్‌డయోన్ సీసా ఉందని ఒక విలేకరి రాశాడు. అప్పటికి ఆ ఆటలో దానిపై నిషేధం లేదు. జనం కోపగించుకున్నది ఆటగాడి మీద కాదు, రాసిన విలేకరి మీద. పండుగ చెడగొట్టాడని. 2010లో మెక్‌గ్వైర్ తానే నోరు విప్పి స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు.

బ్యారీ బాండ్స్ కథ ఇంకా విచిత్రం. 2007 ఆగస్టు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో 756వ హోమ్‌రన్ కొట్టి పాత రికార్డు దాటాడు. సొంత ఊళ్లో జనం లేచి నిలబడి కేరింతలు కొట్టారు. వేరే ఊళ్లకు వెళితే అదే మనిషిని చూసి బూతులు, వెక్కిరింతలు. మనిషి ఒకడే, అనుమానం ఒకటే, మారింది ఊరు. ఆ బంతిని మార్క్ ఎకో అనే బట్టల వ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు కొని, దాన్నేం చేయాలో మీరే చెప్పండని జనాన్ని ఓటు అడిగాడు. బంతి మీద నక్షత్రం గుర్తు వేసి మ్యూజియానికి పంపమని ఎక్కువమంది చెప్పారు. ఈ రికార్డు అనుమానాస్పదం అని దాని అర్థం. అలాగే చేశాడు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ల పేర్లు బయటపెట్టింది. 89 మంది వాడుతుంటే జట్టు యజమానులకు, టికెట్లు అమ్మేవాళ్లకు, ఏమీ తెలియదని ఎవరు నమ్ముతారు? నక్షత్రం గుర్తు మాత్రం ఒక బంతి మీదే పడింది.

ప్రాచీన ఒలింపియాలోనూ ఇంతే. మోసం చేసి దొరికినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేసి, ఆ సొమ్ముతో జ్యూస్ దేవుడి కంచు విగ్రహాలు పోయించి, స్టేడియంలోకి వెళ్లే దారిలో వరుసగా నిలబెట్టారు. పరుగెత్తబోయే ప్రతివాడూ వాటిని దాటుకునే పోవాలి. పౌలు పందెపు పరుగు గురించి రాసింది కొరింథు వాళ్లకు, ఇస్త్మియన్ ఆటలు జరిగే ఊరివాళ్లకు. నియమం ప్రకారం పోటీ చేయనివాడికి కిరీటం దక్కదని తిమోతికి రాసినప్పుడు కూడా ఆయనకు ఆ లోకం బాగానే తెలుసు. మన ప్రసంగాల్లో ఆ వాక్యాలు తరచూ వినబడతాయి. ఓడినవాడిని సంఘం ఏం చేయాలన్నది మాత్రం తక్కువగా వినబడుతుంది.

గోమతి పట్టుబడిన ఆ 2019లోనే ఇంకొకరు కూడా పట్టుబడ్డారు. క్రికెటర్ పృథ్వీ షా. తొలి టెస్టులోనే సెంచరీ కొట్టిన కుర్రాడు. అతని నమూనాలో టెర్బ్యుటలిన్ దొరికింది. దగ్గు మందులో ఉండేది. జులై 30న బీసీసీఐ ఎనిమిది నెలల నిషేధం ప్రకటించింది. అయితే దాన్ని మార్చి నుంచే లెక్కవేయడం వల్ల నవంబరు మధ్యకల్లా ముగిసిపోయింది. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లో అర్ధ సెంచరీ చేసి బ్యాట్ ఊపితే మనవాళ్లు ఈలలు వేశారు. మా గుంపులో కూడా. ‘దగ్గు మందు తాగితే ఏమైంది అయ్యగారూ, పిల్లవాడు!’ అన్నారు.

న్యాయంగా చెప్పాలంటే రెండూ ఒకటి కావు. దగ్గు మందులో ఉండేది వేరే జాబితా, నాండ్రొలోన్ వేరే జాబితా, శిక్షలూ వేరు. పృథ్వీ షా కూడా సంపన్నుల ఇంట్లో పుట్టినవాడు కాదు. కాబట్టి ఇక్కడ కులం, డబ్బు అని సులువుగా తేల్చేయలేం. కానీ మా యవనస్థులెవరూ ఆ జాబితాలు చదివి తీర్పు చెప్పలేదు కదా. క్రికెటర్ మాట నమ్మాలనిపించింది, నమ్మారు. పరుగు పందెం అమ్మాయి మాట నమ్మాలనిపించలేదు. ఒకరి విషయంలో ‘పిల్లవాడు’ అన్న నోరే ఇంకొకరి విషయంలో ‘ఆడదేనా?’ అంది.

ఆ రెండో మాట వినగానే మాకు శాంతి సౌందరరాజన్ గుర్తొచ్చింది. పుదుక్కోట్టై జిల్లా కత్తకురిచ్చి, ఇటుక బట్టీల్లో పనిచేసే దళిత కుటుంబం. 2006లో ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచింది. ఆ ఊరూ దోహానే, ఆ పరుగూ 800 మీటర్లే. ఆమె ఏ మందూ వాడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. లింగ నిర్ధారణ పరీక్ష అని చేసి, విఫలమైందని చెప్పి పతకం లాక్కున్నారు. ఆమె శరీరం గురించి టీవీల్లో దేశమంతా చర్చించింది. మరుసటి ఏడు ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించి బతికింది. తర్వాత కొన్నాళ్లు ఇటుక బట్టీలోనే కూలి చేసింది. అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి ఇచ్చిన 15 లక్షలు వెనక్కి అడగలేదన్నది ఒక్కటే ఆ కథలో కాస్త ఊరట. మందు వాడిన కేసు, వాడని కేసు రెండూ జనం దృష్టిలో ఒకటే అయిపోయాయంటే, మనం శిక్షిస్తున్నది మోసాన్ని కాదేమో. పైకెక్కిన పేద ఆడపిల్ల జారిపడితే చూడాలన్న కోరిక ఏదో మన లోపల కూర్చుని ఉంది.

యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో ఒక స్త్రీని పట్టుకుని దేవాలయంలోకి తీసుకొచ్చారు. తప్పు చేస్తూ పట్టుబడిందన్నారు. ఆ తప్పు ఒంటరిగా చేసేది కాదు. రెండో మనిషి ఎక్కడ? ఆ ప్రశ్న గుంపులో ఎవరికీ రాలేదు. గోమతి కేసులో ఆ రెండో మనిషి ఎక్కడ? భారత అథ్లెటిక్స్ సమాఖ్య చెప్పినదాని ప్రకారం, దోహాకు నెల ముందే పటియాలాలో జరిగిన ఫెడరేషన్ కప్‌లో తీసిన నమూనాలోనే ఆ మందు బయటపడింది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ఆ సంగతి సకాలంలో చెప్పి ఉంటే ఆమెను దోహాకు పంపేవాళ్లమే కాదని సమాఖ్య అంది. అంటే వాంగ్ చున్‌యు సాయంత్రం పోయింది ఒక ఇంజెక్షన్ వల్ల మాత్రమే కాదు, ఏదో ఒక ఆఫీసులో కదలని కాగితం వల్ల కూడా. ఆ ఆఫీసులో ఎవరి పతకమూ పోలేదు. ఎవరి తండ్రి మీదా జోకులు రాలేదు.

2023లో మన దేశంలో పరీక్షించిన సుమారు 5,600 నమూనాల్లో 3.8 శాతం దోషంతో తేలాయి. ఎక్కువ పరీక్షలు చేసే పెద్ద దేశాల్లో అంత శాతం ఇంకెక్కడా లేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలియగానే ఆటగాళ్లు మాయమైపోయారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడేసిన సిరంజీలు దొరికాయి. ఇవి ఒలింపిక్ పతకం కోసం కాదు. రాష్ట్ర స్థాయిలో ఒక సర్టిఫికెట్ కోసం. ఆ సర్టిఫికెట్‌తో క్రీడల కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఒక ఉద్యోగం. ఇల్లంతా ఆ ఉద్యోగం మీద ఆధారపడి ఉన్న పిల్లవాడికి, ఆ ఇంజెక్షన్ తెచ్చిచ్చే మనిషి దేవదూతలా కనిపిస్తాడు. తప్పు తప్పే. కానీ ఆ తప్పు ధర నిర్ణయించిందెవరో కూడా అడగాలి.

మన యవనస్థులకు ఇది దూరపు సంగతి కాదు. ధర్మపురిలో, హోసూరులో ఇప్పుడు ప్రతి పెద్ద వీధిలో ఒక జిమ్ ఉంది. సినిమా హీరో ఆరు పలకల ఒళ్లు చూపించిన వారానికి ఫీజు కట్టేవాళ్ల వరుస పెరుగుతుంది. ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు పడిపోయినప్పుడు వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను జిమ్‌లకు వచ్చే కుర్రాళ్లకు అమ్ముతుంటే హైదరాబాదులో పట్టుకున్నారని పేపర్లలో చదివాం. గుండె మీద పనిచేసే మందు అది. దాన్ని వ్యాయామానికి ముందు కాఫీ తాగినట్టు వేసుకుంటున్నారు.

మా సంఘంలో ఒక తల్లి కొడుకు సంచిలో సిరంజీ చూసి, గంజాయి అలవాటయిందేమోనని ఏడుస్తూ వచ్చింది. గంజాయి కాదు. పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్నాడు. 1,500 మీటర్ల పరుగు, తాడు ఎక్కడం. తండ్రి గ్రానైటు క్వారీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మేము మొదట కోప్పడ్డాం. దేవుని ఆలయమైన దేహం అని ప్రసంగం మొదలుపెట్టాం. వాడు తల వంచుకుని అంతా విని, ‘అయ్యగారూ, నాతో పరుగెత్తేవాళ్లు ఏడుగురు వేసుకుంటున్నారు. నేనొక్కణ్ణే మానేస్తే మా ఇంటికి జీతం మీరు తెస్తారా?’ అన్నాడు. గోమతి మీద సూది బొమ్మ గుంపులో పెట్టింది వాడేనని మాకు అప్పుడు గుర్తొచ్చింది. వాడికీ గుర్తుంది. అడగకుండానే చెప్పాడు.

ప్రసంగం ఆపి, వాణ్ణి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కాలేయం పరీక్షలు చేయించాం. మందు తెచ్చిచ్చింది ఒక ట్రైనర్ అని వాడు పేరుతో సహా చెప్పాడు. ఫిర్యాదు ఇచ్చాం. ఆ ట్రైనర్ ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. కుర్రాడు ఆ ఏడు సెలక్షన్‌కు వెళ్లలేదు. వాణ్ణి క్షమించడానికి మాకు ఏమాత్రం కష్టం కాలేదు. ఎందుకంటే వాడు మనవాడు, వాళ్లమ్మ మన సంఘంలో రొట్టె విరిచే మనిషి. అదే దయ ముడికండం అమ్మాయి మీద మాకు రెండు రోజుల్లో ఎందుకు రాలేదని ఇప్పటికీ అడుగుకుంటున్నాం.

మా జిల్లాలో చర్చిలు, మిషన్ స్కూళ్లు ఏటా ఆటల పోటీలు పెడతాయి. కప్పులు పంచుతాం, పాస్టర్లం ఫోటోలు దిగుతాం. పిల్లలకు కోచింగ్ ఇచ్చేవాడు ఎవడో, ఏ పొడి కలిపి తాగిస్తున్నాడో మేము ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడిగాం. ఒక కోచ్‌కు కోపం వచ్చింది, ఇంకో ఇద్దరు డబ్బాలు తెచ్చి చూపించారు. వాటిలో ఒకదాని మీద తయారీదారు చిరునామా కూడా లేదు. పట్టుబడ్డ పిల్లల పేర్లు సంఘం గుంపులో పెట్టకూడదని కూడా ఈసారే ఒక మాట అనుకున్నాం. దానికి మాత్రం పెద్ద వాదనే జరిగింది. పేరు చెప్పకపోతే భయం ఎట్లా ఉంటుందని పెద్దలు అడిగారు. ఆ వాదన ఇంకా తేలలేదు.

గోమతి నిషేధం 2023 మే 16తో ముగిసింది. ఆ రోజు మా గుంపులో ఎవరూ ఒక మాట కూడా పెట్టలేదు. మేమూ పెట్టలేదు.